ఆరుబయటి పానపాత్ర

వైశాఖమాసాంతమునఁ బగలెల్లఁ గాఁగిన యిసుకతిన్నెలపైఁ బడమటి యెండ పసుపువన్నెఁ బాఱుచుండ సముద్రమునుండి లేచిన లవణశీతలపవనము సరుగుడుతోపుల నూఁచుచుఁ గళింగతీరమునందలి యొక చిన్న రేవుపట్టణమునఁ బైడినాయుని హోటలు ముంగిటఁ బచ్చికపై వైచిన వెదురుకుర్చీల నల్లనల్లన స్పృశించుచుండెను. ఆ ముంగిటఁ గూర్చుండి తరంగవిలాసముఁ గనుచు భుజింపవచ్చును, తేనీరు త్రావవచ్చును. మద్యము మాత్రము నాలుగు గోడల నడుమ నున్న లోపలిశాలయందే యీయవలయునని పైడినాయుని లైసెన్సునందలి నిబంధనము. వీధినిఁ బోవు పసివారి కంటఁ బానపాత్ర పడరాదనియే యా కట్టడి.

హోటలు పెట్టిననాఁటనుండి యా కట్టడి మీఱని పైడినాయుని కడకు నాఁటి సాయంకాలము ఆ ప్రాంతమునకుఁ గ్రొత్తగా వచ్చిన ఆబ్కారీ ఇన్‌స్పెక్టరు త్రివిక్రమరావు మిత్రసమేతుఁడై యేతెంచి పచ్చికపై నాసీనుఁడై, "విస్కీ యిటకే తెప్పింపుము" అనెను.

పైడినాయుఁడు చేతులు జోడించి, "అయ్యా, తమరెఱుఁగని నిబంధనమా? లోపలికి దయచేయుఁడు" అని వేఁడెను.

"నిబంధనమును బరీక్షించువాఁడను నేనే కదా! లోపల నుక్కగా నున్నది" అని యతఁడు నవ్వెను.

ఇచ్చినచో నేరము, ఈయనిచో లేని నేరమును గల్పింపఁగల వాని యాగ్రహము. ముందు నుయ్యియు వెనుక గొయ్యియుఁ గాఁ బైడినాయుఁడు తలవంచి గాజుపాత్రలు దెప్పించెను.

మఱునాఁడు త్రివిక్రమరావు మరల వచ్చి పచ్చికపైనే కూర్చుండెను. అటుపిమ్మటఁ బ్రక్కబల్లలవారు, "ఆయనకు లేని నిషేధము మాకేల?" యని కలహింప వారికిని నీయక తప్పదయ్యెను. పచ్చికయెల్లఁ బానశాల యయ్యెను. ఆలుబిడ్డలతో వచ్చువారు రామానిరి. తాను వెలయించిన ముంగిలి తనకే కారాగృహమైనట్లు తోఁపఁ బైడినాయుఁడు తలుపుచాటున నిలిచి వీధివంక బెదరుచూపులు సారించుచుండెడివాఁడు.

భార్య సన్యాసమ్మ, "ఇట్లెన్నాళ్లు? తప్పొప్పికొని దండుగ కట్టి బయటపడుఁడు" అనఁగా నతఁడు గుండె చిక్కఁబట్టుకొని ఆబ్కారీ కార్యాలయమునకుఁ బోయెను. నేరస్థుల వాఙ్మూలము వ్రాసికొను కుర్చీయందుఁ ద్రివిక్రమరావే కూర్చుండియుండెను.

"నీ నేరము నేనెఱుఁగనా, నాయుఁడా? ఇంటికిఁ బొమ్ము. సాయంకాలము నేనే వచ్చెదను."

వచ్చెను. జనసంకులమైన పచ్చికపైఁ గూర్చుండి చిటిక వైచెను. పైడినాయుఁడు పళ్ళెరముతో గడపదాఁక వచ్చి యాఁగెను. పళ్ళెరమును గడపకు లోపలనే దించి యిట్లనెను.

"అయ్యా, ఈ గడప దాఁటి యిఁక మద్యము రాదు. ఇంతదనుక నిచ్చిన నేరము నాది. ఇందఱి సమక్షమున వ్రాసికొనుఁడు."

బల్లలవారెల్లరు నటు తిరిగి చూచిరి. ఆ నేరము వ్రాసినచోఁ దాను ద్రావినదియు వ్రాయవలయునుగావునఁ ద్రివిక్రమరావు వివర్ణవదనుఁడై లేచి, "నీ హోటలెట్లు నడచునో చూచెదను" అని వెడలిపోయెను.

అన్నంత పనియుఁ జేసెను. అచిరకాలముననే వేఱొక నెపమున లైసెన్సు రద్దయ్యెను. పైడినాయుఁడు తేనీరును జేఁపలపులుసు నన్నమును మాత్రమే యమ్ముకొనుచుఁ గొలఁది రాబడితోఁ గాలము గడపెను. తొలి సాయంకాలమున నొక్క మాటతోఁ బోవలసిన నిరాకరణము ఆలస్యమైనకొలఁది వెల పెరిగి తుదకు జీవికలో సగమడిగెను. ఆ వెల యిచ్చి దానిఁ గొన్న పైడినాయుఁడు నష్టపడెనని మాత్ర మా రేవులో నెవ్వరు ననలేదు.