కాలువ దాటని నత్తలు

నెటిల్ ఆకు తాకితే మంట, కుళ్ళితే కంపు. ఆ ఆకును డ్రమ్ములో నీళ్ళు పోసి నానబెడితే వచ్చే కషాయం పేనుబంకకు మందు, మొక్కకు బలం. మార్లీస్ ముక్కుకు గుడ్డ కట్టుకుని కర్రతో దాన్ని కలుపుతుంటే, గుడిసె ముందు కుర్చీలో పేపరు చదువుకుంటున్న భర్త వోల్కర్ తలెత్తకుండానే అన్నాడు.

"ఇంత కంపు భరించి ఏం సాధించావ్ చెప్పు? నీ చేతికి ఏదీ బతకట్లేదు. వయసు మీద పడుతోంది మార్లీస్. చలికాలం రాకముందే తోట సంఘానికి ఇచ్చేద్దాం."

జర్మనీలోని లైప్‌జిగ్ ఊరి అంచున కాలువ ఒడ్డున సంఘం అద్దెకిచ్చే చిన్న తోటల్లో అదొకటి. ఒకప్పుడు మార్లీస్ వాళ్ళ అమ్మది, ఆమె పోయాక మార్లీస్ పేరుకు మారింది. మార్లీస్ సంతకం లేకుండా దాన్ని ఎవరికీ ఇవ్వలేరు. దగ్గుకు సేజ్ ఆకు, పుండుకు లేపనం చేసే పసుపు బంతి, క్రిస్మస్ పెద్దబాతు కడుపులో కూరడానికి మాచిపత్రి, మోకాలి వాపుకు కట్టే కామ్‌ఫ్రీ, అన్నీ అమ్మ నాటినవే. బడి వంటింట్లో బంగాళదుంపలతో కుస్తీ పట్టి, ఇంటికొచ్చి మళ్ళీ వండి, తోమి, ఉతికాక ఆమెకంటూ మిగిలిన చోటు ఈ నాలుగు మళ్ళే. "ఏం చేస్తావక్కడ అంతసేపు?" అని వోల్కర్ ఎన్నోసార్లు అడిగాడు. ఊపిరి పీల్చుకుంటాను అని చెబితే నవ్వుతాడని ఆమె ఎప్పుడూ చెప్పలేదు.

ఆ వేసవి మళ్ళన్నీ నత్తల పాలయ్యాయి. లెట్యూస్ మొలక రాత్రికి రాత్రే మాయం, బంతి మొక్కకు కాడ తప్ప ఆకు లేదు. గుడ్డు పెంకులు చల్లింది, కాఫీ పిప్పి చల్లింది. మొదట పక్క తోటావిడ మీద అనుమానపడింది, నత్తల్ని కంచె ఇవతలికి విసురుతోందేమోనని తెల్లారకముందే వచ్చి కాపు కాసింది. ఆవిడ మళ్ళలోనేమో పెద్దగా నత్తలే లేవు. తర్వాత వాన మీద, ఆ తర్వాత తన మీదే అనుమానం. నిజంగానే చేతకాకుండా పోతున్నానా? అమ్మ చేతికి వచ్చింది నా చేతికి ఎందుకు రావట్లేదు? ఇలా ఆలోచిస్తూ బడిలో ఒకరోజు పులుసులో రెండుసార్లు ఉప్పు వేసింది.

చంపడానికి చేతులు రాక, పనికి వెళ్ళేముందు గుల్ల నత్తల్ని ఒక్కొక్కటే బకెట్లో ఏరేది. ఆ బకెట్ తీసుకెళ్ళే పని వోల్కర్ తనంతట తానే పెట్టుకున్నాడు. "కాలువ అవతలి పచ్చికలో వదిలేసి వస్తాలే, నువ్వు పనికెళ్ళు" అనేవాడు. రైల్వేలో రిటైరయ్యాక అతను ఇల్లాలికి చేసిన మొదటి సాయం అదే. అదే ఆమెకు మింగుడు పడలేదు. ముప్పై ఏళ్ళలో తాగిన కప్పు కడగని మనిషికి నత్తల మీద ఇంత శ్రద్ధ ఎక్కణ్ణుంచి వచ్చింది? పైగా పొద్దుటి మంచుకు తడిసిన పచ్చిక తొక్కి వచ్చినవాడి బూట్లు తడవాలి కదా, అవి ఎప్పుడు చూసినా పొడిగానే ఉండేవి.

సిగ్గుపడుతూనే ఆమె ఒక గురువారం సొరుగులోంచి ఎర్ర గోళ్ళరంగు తెచ్చి, బకెట్లో వేసేముందు ప్రతి నత్త గుల్ల మీదా చుక్క పెట్టింది. కట్టుకున్నవాడి మీద ఇలా నిఘా పెట్టానేమిటని తనను తాను తిట్టుకుంది కూడా. శనివారం పొద్దున బంతి మళ్ళో ఎర్రచుక్కలు మెల్లగా పాకుతున్నాయి. కాలువ ఈదే నత్తను ఎవరూ చూడలేదు. జిగురు చార పట్టుకుని వెళితే అది ఎరువుగుంత వెనక్కి తీసుకెళ్ళింది. అక్కడ పచ్చి ఆకులు పరిచి మరీ కుమ్మరించాడు.

బద్ధకమేలే, అనుకుంది మార్లీస్. వంతెన దాకా నడవడం ఎవరికి ఇష్టం? ఆకులు ఎందుకు పరిచాడో మాత్రం ఎంత సర్దిచెప్పుకున్నా కుదరలేదు.

ఆదివారం కాఫీకి అత్త హెడ్విగ్ వచ్చింది. ఆవిడ ఒక్కతే ఉంటుంది, మోకాళ్ళు సహకరించడం లేదు. మార్లీస్ కామ్‌ఫ్రీ ఆకు నలగ్గొట్టి ఆవిడ మోకాలికి కట్టు కడుతోంది. "గడ్డీ గాదమూ" అని ఎప్పట్లాగే సణుగుతూ కాలు చాపి ఇచ్చి, ఆవిడ ప్లమ్ కేకు తుంచుకుంటూ చల్లగా అంది.

"నేను దిగబోయే నీ కుట్టుమిషను గదికి కిటికీ కొలత ఎంతో చెప్పమ్మాయ్. లేత నీలం తెరలు చూశాను. తోట ఎలాగూ వదిలేస్తున్నావటగా, ఆ బడి వంటింటి పని కూడా మానేస్తావని వోల్కర్ వసంతంలోనే చెప్పాడు. ఇంట్లో నువ్వుంటే నాకూ ధైర్యం."

వసంతంలో ఇంకా ఒక్క నత్త కూడా లేదు.

మార్లీస్ కట్టు ముడి వేసింది. వోల్కర్ కప్పులో చెంచా తిప్పుతున్నాడు, చక్కెర వేసుకోకుండానే. ముఖం మీద అడిగితే కాదంటుందని, నత్తల్ని మేపి మరీ ఆమె తనంతట తానే చేతకానిదాన్నని ఒప్పుకునేలా చేయబోయాడు. కోపం కన్నా ముందు ఆమెకు పెద్ద ఊరట కలిగింది. నా చేతికి ఏమీ కాలేదు, అనుకుంది.

"తప్పకుండా రండి అత్తయ్యా" అంది. "తెరల కొలత మీ అబ్బాయిని తియ్యమనండి. నేను పనీ మానను, తోటా వదలను. పొద్దస్తమానం ఇంట్లో ఉండి మిమ్మల్ని చూసుకునేది ఆయనే. రిటైరైంది ఆయనే కదా."