గుమాస్తా అఫిడవిట్

అన్నం వార్చిన గంజిలో ఒక గ్లాసు మా ఆయన బ్యాండ్లకి తీసి పక్కన పెడతాను. అరగ్లాసు కేసు కట్టల మీద చీటీలు అతికించడానికి. మిగిలింది గేదె కుడితిలోకి పోతుంది. ప్లీడరు మెడ కింద వేలాడే ఆ రెండు తెల్ల గుడ్డముక్కలు కోర్టు లేచేదాకా నిలబడాలంటే గంజి పల్చగా ఉండకూడదు, గడ్డ కట్టకూడదు. ఇది మా అత్తగారు నేర్పింది కాదు, బ్రహ్మానందంగారు నేర్పారు. రేపల్లె మున్సిఫ్ కోర్టులో మా ఆయన జగన్నాథరావుగారు ప్రాక్టీసు పెట్టిన రోజు నుంచీ ఆయనే గుమాస్తా. బ్యాండ్లకి గంజి పెట్టడం కూడా గుమాస్తా పనేనని అప్పటిదాకా నాకు తెలియదు. మిగతా పనులూ అట్లాగే ఒక్కొక్కటే తెలిశాయి.

బ్రహ్మానందంగారికి శుక్లాలొచ్చాయి. ఆపరేషన్ చేయిస్తే ఒక కన్ను దక్కింది, ఒకటి పోయింది. వరండాలో కూర్చుని ఆయన చెప్తుంటే నేను రాసేదాన్ని. నేను స్కూలు ఫైనలు పాసయ్యాను, పెళ్ళికి ముందు తెనాలిలో టైపు నేర్చుకున్నాను. వాయిదాలు డైరీకెక్కించడం, దావా కాయితాలు సాఫీగా టైపు చేయడం, సమన్లు పంపే ఖర్చుకి బత్తా డబ్బు కట్టారో లేదో చూడటం, నకళ్ళకి అర్జీ రాయడం, కట్టని దబ్బనంతో కుట్టడం, వాయిదా ముందర పార్టీకి కబురు పంపడం. కోర్టు లోపల అడుగుపెట్టే పనులు మాత్రం పక్క ప్లీడరు గుమాస్తా కోటేశ్వరరావు చేసిపెట్టేవాడు. బ్రహ్మానందంగారు పూర్తిగా మానేశాక, ఇంకొకరిని చూసుకోమన్నాను. "ఇంట్లో మనిషి ఉండగా బయటివాళ్ళెందుకు?" అన్నారు మా ఆయన. నన్ను మనిషి అన్నారు గదా అని ఆ పూట సంతోషించాను కూడా.

డెబ్బై ఒకటిలో జనాభా లెక్కల వాళ్ళొచ్చారు. నేను వరండాలో మిషను ముందు కూర్చుని ఒక దావా టైపు చేస్తున్నాను. వచ్చినాయన మా ఆయన వృత్తి అడిగి రాసుకున్నాడు, మా మామగారిది రాసుకున్నాడు. నా దగ్గరికొచ్చేసరికి నాకేసి చూశాడు. మా ఆయన పేపరు మడవకుండానే, "తనా? ఏం చేయదండీ, ఇంట్లోనే ఉంటుంది" అన్నారు. ఆ మనిషి మిషనుకేసి చూశాడు, నా వేళ్ళకేసి చూశాడు, ఒక గీత గీసి లేచాడు. నేను ఆ పేజీ పూర్తి చేశాను. అందులో వాది భర్త చనిపోయిన ఆడమనిషి, వృత్తి దగ్గర నేనే గృహకృత్యములు అని కొట్టాను. దావాల్లో ఆడవాళ్ళందరికీ అదే కొడతాం. ఆమె ఊళ్ళో బట్టల కొట్టు నడుపుతోందని నాకు తెలుసు.

గుమాస్తాకి జిల్లా కోర్టు వాళ్ళు ఒక కార్డిస్తారు. అది ఉంటే కోర్టు ఆఫీసులోకి వెళ్ళి కాయితాలు దాఖలు చేయొచ్చు, నకళ్ళు తీసుకోవచ్చు, ఏ ప్లీడరు దగ్గరైనా పని అడగొచ్చు. బ్రహ్మానందంగారు దాచేదేమీ లేకుండా చెప్పారు. ఈ పనికి పింఛను లేదు, సెలవు లేదు, ప్లీడరు పోతే గుమాస్తా కూడా సగం పోయినట్టే. కానీ కోర్టు గుమ్మంలో నిలబడితే నలుగురూ పేరు పెట్టి పిలుస్తారు. చేసిన పని ఎవరు చేశారో బెంచి గుమాస్తా దగ్గర్నుంచి బంట్రోతు దాకా తెలుస్తుంది. నాకు కావలసింది అదేననిపించింది. అర్జీ మీద ఒక ప్లీడరు సంతకం చేయాలి, ఈమె నా దగ్గర ఇన్నాళ్ళుగా గుమాస్తా పని చేస్తోంది అని. ఆ అర్జీ టైపు చేసి మా ఆయన బల్ల మీద పెట్టాను. కొన్నాళ్ళు అక్కడే ఉంది, తర్వాత దాని మీద కాఫీ గ్లాసు పెట్టడం మొదలుపెట్టారు.

"ప్లీడరు పెళ్ళాం గుమాస్తా అయితే బార్ రూములో నా మొహం ఎక్కడ పెట్టుకోను?" అన్నారు అడిగితే. అత్తగారు సుబ్బాయమ్మగారైతే, కోర్టు మెట్లెక్కే ఆడవాళ్ళు రెండే రకాలనీ, మొగుడు వదిలేసినవాళ్ళూ మొగుణ్ణి వదిలేసినవాళ్ళూననీ, నేను వీళ్ళలో ఎవరో తేల్చుకోమనీ అన్నారు. బాపట్లలో పూర్ణచంద్రరావుగారని ఒక ప్లీడరున్నారు. ఒక పెళ్ళిలో కలిసినప్పుడు మా దావాలు టైపు చేసేది ఎవరని ఆయన మా ఆయన్నడిగారు. మా ఆయన నవ్వేసి ఊరుకున్నారు. ఆయన భార్య నన్ను పక్కకి పిలిచి సంగతి రాబట్టి, కార్డొస్తే చెప్పమ్మా, మా వారికి మనిషి కావాలి అంది. బాపట్లలో మా పిన్ని ఉంది. ఆ సంగతి నేను ఇంట్లో చెప్పలేదు. చెప్పడానికి ఓపిక కావాలి, అది సాయంత్రానికి మిగిలేది కాదు.

పేరంటాలు అనే ఆమె దావా ఆ మధ్యే విచారణకొచ్చింది. నిజాంపట్నం దగ్గర చేపలమ్ముకునే మనిషి. మొగుడు సముద్రం మీద వేటకెళ్ళి రాలేదు. ఆమె ఇంటి స్థలంలో మరిది వలలు పెట్టుకునే పాక వేసి, నీకిక్కడేం పని అన్నాడు. వానలు పడేలోగా దాన్ని ఇల్లు చేసుకుని కాపురం పెడతాడని భయం. ఆమె అక్క ఇంట్లో పడుకుంటోంది. వాయిదా డైరీలో రాశాను. ముందు రోజు ఆమెకి కబురు పంపాను. పొద్దున ఆ కట్ట అన్నిటికీ పైన పెట్టి, ఇడ్లీ వడ్డిస్తూ మా ఆయనకి చెప్పాను. మున్సిఫుగారు సెలవు పెడుతున్నారట, బార్ రూములో అనుకుంటుంటే విన్నా, అన్నారు. చుండూరులో మా ఆయన బావగారి రైస్ మిల్లు ప్రారంభం, ఆయన తెనాలి మీదుగా అక్కడికెళ్ళారు.

మున్సిఫుగారు సెలవు పెట్టలేదు.

మధ్యాహ్నం పేరంటాలు మా వరండా మెట్టు మీద కూర్చుని ఉంది. ఎప్పటి నుంచి కూర్చుందో తెలియదు, పిలవలేదు. కోర్టులో బంట్రోతు ఆమె పేరు మూడుసార్లు పిలిచాడట. ఆమె కోర్టు వరండాలో స్తంభం పక్కనే నిలబడి ఉంది. పలకలేదు. వాది రాలేదని దావా కొట్టేశారు.

"వినపడలేదా?" అన్నాను.

"వినపడిందమ్మా. మూడుసార్లూ వినపడింది. తను రాకుండా లోపలికెళ్ళొద్దు, నోరు విప్పొద్దు అని అయ్యగారు మొదటి రోజే చెప్పారుగా. విప్పలేదు."

మా ఆయన పార్టీలందరికీ ఆ మాట చెప్తారు, ఆడవాళ్ళకి రెండుసార్లు చెప్తారు. నోరు విప్పితే కేసు పోతుందంటారు. నేను ఆమెకి మంచినీళ్ళిచ్చి పక్కన కూర్చున్నాను. నా పేరు ఎవరైనా అట్లా మూడుసార్లు పిలిస్తే నేను పలుకుతానా అని ఆలోచించాను. మా ఆయన గదిలో ఉంటే ముందు ఆయన మొహం చూస్తాను. ఈ ఇంటికొచ్చినప్పటి నుంచీ చూస్తున్నాను. పాలవాడు లెక్క అడిగినా, డాక్టరు ఒంట్లో ఎట్లా ఉందని అడిగినా.

కొట్టేసిన దావాని మళ్ళీ తెరవమని నెల లోపల అర్జీ పెట్టుకోవచ్చు. ఎందుకు హాజరు కాలేదో ప్రమాణం చేసి అఫిడవిట్ ఇవ్వాలి. ఆ అఫిడవిట్ గుమాస్తా ఇవ్వడం వాడుక. వాయిదా నేను తప్పు రాసుకున్నాను, కట్ట వేరే కట్టల్లో కలిసిపోయింది, తప్పు నాదే, ప్లీడరుగారిది కాదు, పార్టీది అసలు కాదు, అని. బ్రహ్మానందంగారు అలాంటివి ఎన్నో ఇచ్చారు. "కోర్టు రికార్డు చూస్తే నా అంత మతిమరుపు మనిషి జిల్లాలో లేడమ్మా. ఒక్క వాయిదా మర్చిపోలేదు నేను" అని నవ్వేవారు.

మా ఆయన చుండూరు నుంచి వచ్చి సంగతి విన్నారు. పేరంటాల్ని మెట్టు మీది నుంచే పంపేశారు. మూడో రోజు కాఫీ గ్లాసు కింది నుంచి నా అర్జీ తీశారు.

"ఇన్నాళ్ళూ గుమాస్తా గుమాస్తా అన్నావుగా. ఇదిగో, సంతకం పెడతాను. ముందు ఇంకోటి చెప్తా, టైపు చెయ్యి."

కూర్చుని చేశాను. ఆయన నడుస్తూ చెప్పారు. హైమావతి అనే నేను, జగన్నాథరావు భార్యను, వృత్తి ప్లీడరు గుమాస్తా, ప్రమాణం చేసి చెప్పుకునేదేమంటే. ఆ మాట నా పేరు పక్కన పడటం అదే మొదటిసారి. వేళ్ళు ఒక్క క్షణం ఆగాయి. ఆయన ఆగలేదు. ఇంటిపనుల ఒత్తిడిలో ఉండి వాయిదా డైరీలో ఎక్కించడం మర్చిపోయాను, ప్లీడరుగారికి తెలియజేయలేదు. జనాభా లెక్కల్లో లేని పని ఇక్కడ ఉంది, పైగా ఒత్తిడి కూడా ఉంది. టైపు చేసి ఇచ్చాను. సంతకం పెట్టమన్నారు. అన్నం దించి వస్తానన్నాను.

ఆ సాయంత్రం బ్రహ్మానందంగారింటికి వెళ్ళాను. పెట్టేయమంటారనుకున్నాను. ఆయన కాసేపు కళ్ళజోడు తుడుచుకున్నారు.

"నేను పెట్టానమ్మా. పెడితే నవ్వి మర్చిపోయారు, బ్రహ్మానందం మళ్ళీ మర్చిపోయాడ్రా అని. నువ్వు పెడితే మర్చిపోరు. ఆడమనిషిని పెట్టుకున్నాడు, దావా పోయింది అంటారు. నీ తర్వాత వచ్చే పిల్లకి కూడా అదే చెప్తారు."

మర్నాడు పేరంటాలు వచ్చింది. అఫిడవిట్లో ఏముందో చదివి వినిపించాను, ఆమె దావా గనక.

"మీకు తారీకు తెలియదని రాశారా?"

"అవును."

"మరి నాకు కబురు పంపింది ఎవరమ్మా? నేనెట్టా వచ్చాను?"

అవతలి ప్లీడరు అడగబోయేది కూడా అదే. ఆమెని కోర్టు వరండాలో చూసినవాళ్ళున్నారు. నేను సంతకం పెడితే నా పేరే కాదు, ఆమె స్థలం కూడా ఆ అబద్ధం మీద నిలబడాలి. నిలబడదు. ఇంత చిన్న విషయం మా ఆయనకి తట్టలేదని కాదు. తట్టినా, పోతే పోయేది నాదీ ఆమెదీ.

ఆమె వెళ్ళాక మిషను ముందు కూర్చున్నాను. ఇంకో అఫిడవిట్ టైపు చేశాను. ఎవరూ చెప్పలేదు, నేనే రాసుకుంటూ పోయాను. జగన్నాథరావు అనే నేను, వాది తరఫు ప్లీడరును. మున్సిఫుగారు సెలవులో ఉంటారని విని పొరపాటు పడి చుండూరు వెళ్ళాను. వాది కోర్టు ఆవరణలోనే ఉంది. నేను రాకుండా లోపలికి వెళ్ళవద్దని నేను చెప్పినందువల్ల పిలిచినప్పుడు పలకలేదు. వాయిదాను నా గుమాస్తా హైమావతి డైరీలో సరిగానే ఎక్కించి, నాకు సకాలంలో తెలియజేసింది.

పొద్దున ఇడ్లీ పళ్ళెం పక్కన ఆ అఫిడవిట్ పెట్టాను. దాని కింద నా అర్జీ. దాని కింద పేరంటాలు వకాల్తా పూర్ణచంద్రరావుగారికి మార్చుకునే కాయితం. ఆమె పేరుకి ఎదురుగా, వృత్తి చేపల వ్యాపారం.

ఆయన మూడూ చదివారు. ఇడ్లీ చల్లారింది. వంటింటి గుమ్మంలో అత్తగారు నిలబడి ఉన్నారు.

"ఈ అఫిడవిట్ మీద నేను సంతకం పెట్టను. పెట్టకపోతే ఏంటి?"

"తెనాలి బండి ఉందండి. అక్కడ దిగి బాపట్ల బండెక్కుతాం. పేరంటాలు స్టేషన్లో ఉంది, టిక్కెట్లు తనే కొంటానంది."

ఆయన నాకేసి చూశారు, గడియారంకేసి చూశారు. బల్ల మీద వెతికారు, జేబు తడుముకున్నారు.

"పెన్నేది?"

నేను అప్పుడే పీట వేసుకుని నా పళ్ళెంలో ఇడ్లీ పెట్టుకున్నాను.

"పెట్టినచోట చూసుకోండి" అన్నాను. లేవలేదు.