కందమ్మకు చేప ముక్క

తాండూరులో దశరథం సేటు కందిపప్పు గోదాములో దొరికింది కాబట్టి ఆ పిల్లికి కందమ్మ అని పేరు పెట్టింది ఆయన భార్య కస్తూరమ్మ. పాపం, దానికి రెండు కళ్లూ లేవు. ఎవరో బస్తాల సందున వదిలేసి పోయారు. కస్తూరమ్మ గాజులు గలగలమంటే చాలు, తోక నిగిడించి తడబడుతూ వచ్చేసేది. ఆమె మాత్రం ఊరుకుందా? పూటపూటా పెరుగన్నం కలిపి, ముద్దలు చేసి మరీ తినిపించింది. అయినా పిల్లి చిక్కి శల్యమైంది. చివరికి లేవలేని స్థితికి వస్తే, కొడుకు మనీష్ దాన్ని వికారాబాద్‌లో కుంటి, గుడ్డి పిల్లుల్ని సాకే చోటికి చేర్చాడు.

ఇప్పుడది కోలుకుందని ఫోనొచ్చింది. ఇక కస్తూరమ్మను పట్టుకునేదెవరు? గిన్నెనిండా పెరుగన్నం కలుపుకుని కొడుకుతో కారెక్కింది.

అక్కడంతా పిల్లుల రాజ్యం. మూడుకాళ్లది ఒకటి ఆమె చెప్పుల మీదే పడక వేసింది. నడుం పడిపోయినదొకటి ముంగాళ్లతో దేకుతూ వచ్చి చీర కుచ్చిళ్లతో ఆటలు మొదలుపెట్టింది. బయలుదేరేటప్పుడు పిల్లి ఎదురొస్తే వెనక్కొచ్చి నీళ్లు తాగి వెళ్లే మనిషి ఆమె. ఇక్కడ ఆ పట్టింపు పెట్టుకుంటే బిందెడు నీళ్లు తాగాలి!

ఆ చోటు చూసుకునే ప్రణవి గిన్నె మూత తీసి నవ్వు ఆపుకుంది.

“అమ్మా, ఇన్ని రోజులు గిదే పెట్టిండ్రా? గందుకే పడిపోయింది. పిల్లికి చేపో మాంసమో ఉండాలె. పైంగ దీనికి కండ్లు లేవు, నమ్మిన మనిషి చేతిలకెల్లి తప్ప తినది. నా చేతికి అలవాటు చేసేసరికి పానం వోయింది. మీతోని అయితదా?”

“రామ రామ! మా ఇంట్లకు గుడ్డు గూడ రాదు బిడ్డా!”

“మరైతే ఇయ్యలేనమ్మా. మల్ల పడిపోతది.”

ప్రేమగా పెడుతున్నాననుకుంటూ ఆకలికి మాడ్చానా అని కస్తూరమ్మకు ఏడుపొచ్చింది. కళ్లు తుడుచుకోబోతే గాజులు గలగలమన్నాయి. అంతే, మూల బుట్టలోంచి కందమ్మ తలెత్తింది. దారిలో నీళ్ల గిన్నె తన్నేసి, గోడకు గుద్దుకుని, వచ్చి ఆమె ఒళ్లోకెక్కింది.

“గోదాంల హమాలీలకు చెప్తనమ్మా, ఆళ్లు పెడ్తరు” అన్నాడు మనీష్.

కందమ్మ ఆమె ఖాళీ అరచేతిని వాసన చూస్తూనే ఉంది.

“ఉడకబెట్టిందేమన్న ఉన్నదా బిడ్డా?” అంది కస్తూరమ్మ.

కొంగుతో ముక్కు మూసుకుని, మొహం అటు తిప్పి, చెయ్యి చాచింది. ప్రణవి చేప ముక్క పెట్టగానే ఒళ్లంతా జలదరించింది. కందమ్మ ముక్కను వాసన చూసింది, ఆమె మణికట్టును వాసన చూసింది, తినేసింది. గరుకు నాలుకతో వేళ్లన్నీ నాకుతుంటే చక్కిలిగింతలకు కస్తూరమ్మ కొంగు చాటున పకపకా నవ్వింది.

“ఇంకో ముక్క ఎయ్యి బిడ్డా.”

వెళ్లేటప్పుడు కందమ్మను ఒళ్లో పెట్టుకుని కారులోంచే భర్తకు ఫోన్ చేసింది.

“ఇగో, నేనొస్తున్న. పెరట్ల బాత్రూంల నీళ్లు పెట్టుండ్రి. తానం జేసినంకనే ఇంట్లకొస్త.”

“అయ్యో, ఎవలు వోయిండ్రే?” దశరథం గాబరాపడ్డాడు.

“ఎవలు వోలే. కందమ్మ ఒస్తున్నది. ఆ నీళ్లు ఇయ్యాల ఒక్కనాడే గాదు, రోజు పెట్టుండ్రి.”