వైరు పీకిన గిటారు

రండి, ఇంకొంచెం దగ్గరికి జరగండి. అంత దూరంలో కూర్చుంటే కథ సగం మీకు, సగం గాలికి పోతుంది. కాళ్లు ముడుచుకుంటే ఇంకొకరికి చోటవుతుంది. ఆ, అలాగ. సిరోంచ సాంబన్న టీవీలో కనబడిన సంగతి ఇది. టీవీలో కనబడినవాళ్లు మనకు చాలామందే తెలుసు. వైరు పీకేసిన గిటారును ఒళ్లో పెట్టుకుని అంత పరేషాన్ అయినవాడు మాత్రం ఆయనొక్కడే అయి ఉంటాడు.

సాంబన్నకు ప్రాణహిత ఒడ్డున రెండెకరాల వరి మడి. పెళ్లిళ్ల కాలంలో బ్యాండు మేళం. మేళంలో అందరూ ఊదేవాళ్లో కొట్టేవాళ్లో అయితే, ఈయనది స్టీలు గిటారు. బదిలీ మీద పోతూ ఒక ఫారెస్టు రేంజరు ఇచ్చిపోయినది. దాన్ని ఒళ్లో వెల్లకిలా పడుకోబెట్టి, కుడిచేత్తో తీగలు మీటుతూ, ఎడమచేతిలో నున్నటి ఉక్కు ముక్కను తీగల మీద అటూ ఇటూ జరిపేవాడు. అంతే, మనిషి గొంతులాగే సాగుతూ, వణుకుతూ పాట వచ్చేది. గిటారుకొక వైరు, వైరు చివర ఒక పెట్టె. పాట ఆ పెట్టెలోంచి పెద్దదై పెళ్లి పందిరంతా నిండేది.

"ఏంది బావా, బట్టలు ఇస్త్రీ జేస్తున్నవా?" అని పడవ నడిపే రాయమల్లు ఎక్కిరించేవాడు.

"నీ నాలిక ముడతలు వడ్డదిరా. ఇటు తే, అది గూడ జేస్త" అనేవాడు సాంబన్న.

ఆయన భార్య యాదక్క. ఆ ఒడ్డున నాట్లప్పుడు పాట ఎత్తేది ఆమే. నాట్లలో ఎవరో ఒకరు పాట ఎత్తాలి కదా, మిగతా ఆడవాళ్లు వంగిన నడుముతోనే అందుకోవాలి. ఆ పాటకే చేతులన్నీ ఒక్కసారి బురదలోకి దిగుతాయి. యాదక్క ఎత్తిందంటే, పక్క మడిలో వాళ్లు కూడా తమ పాట ఆపి ఈమెదే అందుకునేవారు.

*ఏరు దాటి వస్తివేమో వదినో, ఏమి దెస్తివే?*
*సద్ది మరిచి వస్తి గాని వదినో, నారు దెస్తినే!*

ఈ పాటను సాంబన్నకు గిటారు మీద నేర్పింది కూడా ఆమే. స్వరాల పేర్లు ఆమెకేం తెలుసు? ఎదురుగా కూర్చుని, ఉక్కు ముక్క పట్టిన మణికట్టును వేలితో నెట్టేది. "ఆడ గాదు, జర పైకి. ఇగో, సద్ది ఈడుంటది. నారు ఆ కొసకుంటది." అలా నెట్టగా నెట్టగా, ఏ మాట గిటారు మీద ఎక్కడుంటుందో ఆమెకు ఇంట్లో ఉప్పు డబ్బా ఎక్కడుందో తెలిసినంత బాగా తెలిసింది.

ఎనభై అయిదులో ఆమెకు జ్వరం వచ్చింది. ఇరవై రోజులు మంచం దిగనివ్వలేదు. ఆ జ్వరం పోతూ పోతూ ఆమె చెవులను పట్టుకుపోయింది. ఎదురుగా నిలబడి మాట్లాడితే పెదాలు చూసి పోల్చుకునేది. పాటలు మాత్రం పోయాయి. గొంతుకేమీ కాలేదు, అయినా రెండు నాట్లు గడిచినా ఆమె పాట ఎత్తలేదు. "నా పాట నాకే వినబడకపాయె. నలుగురిల నవ్వులపాలు గావాల్నా?" అనేది. సాంబన్న గిటారు తీస్తే లేచి పెరట్లోకి పోయేది. మడిలో లింగక్క పాట ఎత్తసాగింది. లింగక్క మంచిదే కాని, రెండో చరణానికే దగ్గు తెచ్చుకునేది.

సాంబన్నకు పంట ఎంత పండినా, పెళ్లిళ్లు ఎన్ని వచ్చినా మనసు నిండలేదు. యాదక్క మళ్లీ పాట ఎత్తాలి. ఆయనకు కావలసింది అదొక్కటే.

ఇలా ఉండగా పట్నంలోని టీవీ కేంద్రం నుంచి ఉత్తరం వచ్చింది. చామోర్షిలో ఏదో పెళ్లిలో ఆయన వాయించడం విన్న పెద్దమనిషి ఎవరో చెప్పారట. లలిత సంగీతం కార్యక్రమంలో ఒక గాయని వెనక స్టీలు గిటారు వాయించాలి. సాంబన్న ఉత్తరం పట్టుకుని యాదక్క ముందు కూర్చున్నాడు.

"టీవీల నీ పాట వాయిస్తనే! నువ్వు జూడాలె!"

"నాకేం వినబడ్తది? టీవీ అయితేంది, గోడ అయితేంది?"

"వినకు. చేతులు జూడు."

 ఆయన బయల్దేరిన రోజు మాత్రం పడవ దాకా వచ్చి సద్ది మూట చేతికిచ్చింది.

పట్నం చేరాక తెలిసింది, ఏ పాటో వాళ్లే ఎప్పుడో అనుకున్నారని. అది వెన్నెల మీద పాట. సాంబన్న నాట్ల పాట మాటెత్తితే అధికారి నవ్వి భుజం తట్టాడు. సరే, పొద్దున పూట ఆ వెన్నెల పాటే వాయించాడు. చక్కగా వచ్చింది. మైకులు దాన్ని టేపులోకి పట్టుకున్నాయి. అన్నం తిన్నాక ఇంకో పెద్ద హాల్లోకి తీసుకుపోయారు. కళ్లు చెదిరే లైట్లు, కాగితం పూలు, ఒక పెద్ద దీపం. సాంబన్న గిటారు ఒళ్లో పెట్టుకున్నాడో లేదో, ఒకాయన వచ్చి వైరు పీకేశాడు.

"అయ్యో సారూ! వైరు లేకుంటే సప్పుడెట్ల వస్తది?"

"రాకూడదనే పీకానండీ. పొద్దున పట్టిన పాటే ఇప్పుడు వేస్తాం. మీరు దానికి సరిగ్గా చేతులు ఆడిస్తే చాలు."

"ఉత్తగనే?"

"ఉత్తగనే. కొంచెం నవ్వుతూ."

పక్కనున్న ముసలి వయొలిన్ ఆయన అప్పటికే కమానుకు సబ్బు రాస్తున్నాడు, గీసినా కీచుమనకుండా. పిల్లనగ్రోవి ఆయన బుగ్గలో పాన్ పెట్టుకునే వేణువు పెదాలకానించాడు. వైరు పోయినా తీగలు సన్నగా గుసగుసలాడుతున్నాయని సాంబన్న గిటారు తీగల కింద రుమాలు మడిచి దోపారు.

పాట మొదలైంది. పైనున్న స్పీకర్లలోంచి తన గిటారే తనకు వినిపిస్తుంటే సాంబన్నకు చెయ్యి ఆడలేదు. తను వాయించకుండానే తన పాట నడిచిపోతోంది! ఇదేం విడ్డూరం అనుకున్నాడు. అప్పుడు, ఆ లైట్ల కింద చెమటలు కారుతుండగా, ఆయనకు తట్టింది. వాళ్లకు కావలసిన పాట టేపులో భద్రంగా ఉంది. మరి ఈ చేతులకు ఏం పని?

"ఇంకోసారి మొదటి నుంచి" అన్నారు. ఈసారి సాంబన్న ఉక్కు ముక్కను యాదక్క పాటలోని 'ఏరు' దగ్గర ఆనించాడు. పైన వెన్నెల కురుస్తోంది, కింద ఆయన నారు నాటుతున్నాడు. వయొలిన్ ఆయన ఓరకంట చూసి, పెదాలు కదపకుండా అడిగాడు.

"ఎక్కడున్నావయ్యా?"

"మా మడిల ఉన్న సారూ."

ముసలాయన మీసాల్లో నవ్వుకున్నాడు. ఎవరికీ చెప్పలేదు.

తిరుగు దారిలో సాంబన్నకు కొత్త గుబులు పట్టుకుంది. అక్కడ మూడు కెమెరాలున్నాయి. ఏది ఎటు చూసిందో ఎవరికెరుక? మొహం ఒక్కటే పట్టి, చేతులు పట్టకపోతే? అడగడానికి ఎవరూ లేరు. కార్యక్రమం వచ్చేది పది రోజుల తర్వాతి ఆదివారం సాయంత్రం. ఆ పది రోజులూ ఆయనకు తిన్నది ఒంటబట్టలేదు.

ఆదివారం పంచాయితీ ఆఫీసు ముందు చాపలు పరిచారు. ఊళ్లో ఉన్న ఒక్క టీవీని బల్ల మీద పెట్టారు. సిగ్నలు గోదావరి అవతలి నుంచి రావాలి కాబట్టి, మంగయ్య కప్పు మీదికెక్కి ఆంటెనా తిప్పుతున్నాడు. లింగక్క యాదక్కను చెయ్యి పట్టి లాక్కొచ్చి ముందు వరసలో కూర్చోబెట్టింది. సాంబన్న టీవీకి పక్కగా, భార్య మొహం కనబడేలా కూర్చున్నాడు.

"వచ్చిండు! సాంబన్న వచ్చిండు!" అని అందరూ అరిచారు. బొమ్మలో సాంబన్న మొహం, నూనె రాసిన జుట్టు. యాదక్క ఒకసారి చూసింది. తర్వాత గాయని మొహం. తర్వాత కాగితం పూలు. మళ్లీ గాయని. తర్వాత దీపం. సాంబన్నకు ఆ దీపాన్ని ఊదేయాలనిపించింది. పాట సగం దాటిపోయింది. యాదక్క కొంగు సర్దుకుని లేవబోయింది.

అప్పుడు పడ్డాయి చేతులు. బొమ్మ నిండా చేతులే.

"ఓ బావా!" రాయమల్లు ఎగిరి గంతేశాడు. "చెయ్యి అటు పోతాంది, పాట ఇటు పోతాంది! ఎవడో వాయిస్తే నువ్వు ఉత్తగ చేతులాడించినవా? అందరం ఎట్ల మోసపోయినం సూడుండ్లి!"

చాపల మీద గుసగుసలు లేచాయి. సాంబన్నకు అవేవీ పట్టలేదు. లేవబోయిన యాదక్క సగంలోనే ఆగిపోయింది. ఆమె కళ్లు ఉక్కు ముక్క వెంట పోతున్నాయి. పైకి, కిందికి, కొసకు. మోకాలి మీద ఆమె వేలు గాలిని నెట్టింది. పెదాలు కదిలాయి. ఒక్కసారిగా నోరు తెరిచి, మడిలో ఉన్నట్టే, ఊరంతటికీ వినబడేటట్టు ఎత్తింది.

*ఏరు దాటి వస్తివేమో వదినో...*

స్వరం కాస్త పక్కకు జరిగింది. తనకు వినబడదు కదా మరి. వెన్నెల పాట ఒక వైపు, నాట్ల పాట ఒక వైపు. ఊరు ఊరంతా నోరు తెరుచుకుని చూసింది. అందరికన్నా ముందు లింగక్కకు అర్థమైంది. లేచి టీవీ గొంతు తగ్గించేసింది. తగ్గించి అందుకుంది. *ఏమి దెస్తివే!* వెనక చాపల మీది ఆడవాళ్లందరూ అందుకున్నారు.

కప్పు మీదినుంచి మంగయ్య కేకేశాడు. "ఏందిరో, వేరే స్టేషన్ వట్టిందా? ఆంటెనా తిప్పాల్నా?"

"తిప్పకురా! ముట్టకు!" అని కింద నుంచి రాయమల్లే అరిచాడు.

టీవీలో చేతులు ఎప్పుడో పోయి పూలు వచ్చాయి, పూలు పోయి వార్తలు వచ్చాయి. వార్తలు ఎవరూ వినలేదు. పాట ముగిశాక యాదక్క నేరుగా సాంబన్న దగ్గరికి పోయి, అందరి ముందూ ఆయన ఎడమ మణికట్టు పట్టుకుంది.

"సద్ది కాడ తప్పు వెట్టినవ్. గింత పైకుంటది" అని వేలితో నెట్టింది.

"రుమాలు అడ్డమొచ్చిందే" అన్నాడు సాంబన్న. ఆయన కళ్లు కారుతున్నాయి, నోరు మాత్రం నవ్వుతోంది.

ఆ ఏడు నాట్లకు పాట ఎత్తింది యాదక్కే. సాంబన్న గిటారు పట్టుకుని ఒడ్డున కూర్చున్నాడు, ఆమెకు చేతులు కనబడేలా. లింగక్క దగ్గు కూడా తగ్గిపోయింది.

ఇదీ సంగతి. విని ఇక్కడే దులిపేసుకుని పోకండి. మీ ఇళ్లలో పిల్లలు టీవీ ముందు కూర్చున్నప్పుడు వాళ్లకూ చెప్పండి. నోటితో చెబితే చాలదు. చెయ్యి చాపి, సద్ది ఎక్కడుంటుందో, నారు ఎక్కడుంటుందో చూపించి మరీ చెప్పండి. సద్ది కొంచెం పైకి, మరిచిపోకండి.