క్లచ్ లివర్ దూరం

ఆడపడుచు కొత్త బైకు మీంచి పడి ఎడమచేతికి కట్టు కట్టించుకున్నప్పటి నుంచీ ఆమెకు జడ వేసే పని కూడా వదిన మీదే పడింది. టిఫిను, అత్తగారి మాత్రలు, భర్త చొక్కా ఇస్త్రీ అన్నీ అయ్యాక, తనను ఫ్యాక్టరీకి తీసుకెళ్లే బస్సు వచ్చేలోపు మిగిలిన ఆ పది నిమిషాలూ దువ్వెన పట్టుకుని కూర్చుంటోంది.

"ఇంజిను బంగారంలాంటిది," పేపరు చాటునుంచి భర్త అన్నాడు. "ఆరువందల యాభై సీసీ, రెండు సిలిండర్లు. గబుక్కున గేరు దించినా వెనకచక్రం కుదుపు తినకుండా స్లిప్పర్ క్లచ్. అన్నీ ఉన్నాయి. నడిపే చెయ్యే లేదు."

"అంత బండి నీకెందుకే అని నెత్తీనోరూ బాదుకున్నాను, వింటేగా," అన్నారు అత్తగారు.

ఆడపడుచు తల వంచుకుంది. "నిజమే వదినా. మలుపులో ఆపబోతే క్లచ్ లివర్ మీంచి వేళ్లు జారాయి. బండి ముందుకు దూకింది. నాకే చేతకాలేదు."

వదిన దువ్వెన ఆగిపోయింది. ఆ బండి ఆమె ఫ్యాక్టరీదే, ఆ లివర్ ఆమె పనిచేసే విభాగంలో తయారైందే. పరీక్ష రోజున పదిమంది గ్లోవ్స్ వేసుకుని వరసగా పట్టి చూశారు. తొమ్మిదిమంది మగవాళ్లు, పదోది తను. లాగితే వెన్నలా వస్తుంది, కానీ దూరం. తన వేలికొసలు మాత్రమే తగిలాయి. అంతకుముందు మోడల్ బండికి ఇలాగే "అందలేదు" అని రాస్తే మేనేజరు అందరిముందూ, "మేడం, మీ ఒక్కరి చేతికోసం అచ్చు మార్చమంటారా? కాస్త వేళ్లు పెంచుకుని రండి," అన్నాడు. గదంతా నవ్వింది. సిగ్గుచేటేమిటంటే తనూ నవ్వింది. ఇంటికొచ్చి చెప్పుకుంటే భర్త, "ప్రతిదానికీ అడ్డం పడితే ఎవరు ఊరుకుంటారు?" అన్నాడు. అందుకే ఈసారి పరీక్ష కాగితం మీద పదో గడిలో "అందింది" అని రాసి సంతకం పెట్టింది. ఆ సాయంత్రం అందరితో కలిసి హాయిగా కాఫీ కూడా తాగింది.

కొనేముందు ఈ పిల్ల అడిగింది, "వదినా, నాకు సరిపోతుందా?" అని. "మేం పరీక్షించకుండా బయటికి వదుల్తామా?" అంది తను.

పన్నెండు రోజులుగా పాలు కలిపిస్తూ, గుండీలు పెడుతూ, తప్పు కడిగేసుకుంటున్నానని తనకు తనే సర్దిచెప్పుకుంది. చాకిరీ ఎంతైనా చెయ్యగలదు. ఒక్క నిజం చెప్పడానికే నోరు రాలేదు. ఇంట్లోవాళ్లంతా ఆ పిల్లనే ఆడిపోసుకుంటుంటే పరాయిదానిలా విన్నది.

బయట బస్సు హారన్ మోగింది. ఆమె కదల్లేదు.

"చిట్టీ, కంపెనీకి ఫిర్యాదు రాయి. లివర్ అందలేదని రాయి."

"ఎందుకులే వదినా. నా తప్పుకి వాళ్లనంటే ఏం బాగుంటుంది?"

"పరీక్ష చేసినవాళ్ల పేర్లు అడుగు."

భర్త పేపరు దించాడు. "ఏం మాట్లాడుతున్నావు నువ్వు?"

ఆమె అతనివైపు చూడలేదు.

"పదో పేరు నాది చిట్టీ. నాకూ అందలేదు. అందిందని రాశాను."