బానెట్ మీద బొట్టు

నేను ఒక తుడుపుగుడ్డను. ఈ క్షణాన డ్రైవర్ ఏసోబు ముక్కుకు జానెడు దూరంలో వేలాడుతున్నాను. నా కొస పట్టుకుని ఊపుతున్న చెయ్యి రంగనాయకులు గారిది. చిలకలూరిపేటలో ఇత్తడి, స్టీలు సామాన్ల కొట్టున్న పెద్దమనిషి. ఆయన వెనక, పోర్టికోలో, రెండు నెలల కిందట కొన్న నల్లకారు. దాని బానెట్ మధ్యన పళ్ళెమంత మేర మెరుపు చచ్చిపోయి, బూడిదరంగు తేలి, గుండ్రటి గీతలు పడి ఉన్నాయి.

"చూడు గురునాథం! గుడ్డంతా ఎరుపు. కుంకుమ! పంతులుగారు పెట్టిన బొట్టు వీడి కళ్ళకు గిట్టలేదు. తోమి పారేశాడు."

గురునాథం ఆయన తోడల్లుడు. భోజనానికని గుంటూరు నుంచి అంతకంటే పెద్ద కారులో ఇప్పుడే దిగాడు. చెప్పులైనా విప్పలేదు.

"అన్నయ్యా, ఇది వదిలేసే విషయం కాదు. దేవుడి బొట్టు చెరిపాడంటే కేసవుతుంది. స్టేషన్లో హెడ్డు నాకు బాగా తెలుసు. ఫోన్ కలపనా?"

"అయ్యగారూ, నేను కాదండి. నేనొచ్చేసరికే ఇట్టా ఉంది. నా పిల్లల మీద ఒట్టు," అన్నాడు ఏసోబు.

"మీ వాళ్ళ ఒట్లు నాకెందుకురా!"

ఉద్యోగం ఒక్కటే పోతే ఏసోబు మళ్ళీ ఏ లారీయో ఎక్కేవాడు. దేవుడి బొట్టు చెరిపినవాడన్న పేరు పడితే ఈ ఊళ్ళో ఎవరూ అతని చేతికి తాళం ఇవ్వరు. కేసు పడితే అసలు బయటే ఉండడు. నాకు నిజం తెలుసు. కానీ నోరు లేదు. మనుషుల అదృష్టం అదే. వాళ్ళ మురికి మోసిన వస్తువులకు నోరుంటే ఊళ్ళో పెద్దమనుషులు మిగిలేవాళ్ళు కాదు.

గురునాథం ఫోన్ తీశాడు. అవతల ఎత్తేలోపు నా కథ చెప్పేస్తాను.

ఎక్కడో ఉత్తరాది మిల్లులో, వెంట్రుక కంటే సన్నని దారాలతో నన్ను నేశారు. నీలం రంగు, మెత్తటి నూగు. నా జాతికున్న గొప్ప ఒకటే: దుమ్మును రుద్దం, నూగులోకి లాక్కుని దాచుకుంటాం. కట్టలో పడి ఈ ఊరొచ్చి, బైపాస్ పక్కన మస్తాన్ పాలిష్ షాపులో కొక్కేనికి వేలాడాను.

కారు కొన్న కొత్తల్లోనే రంగనాయకులు గారి భార్య భ్రమరాంబగారు, ఏసోబు అక్కడికొచ్చారు. ఏసోబు అంతకుముందు లారీ తోలాడు. అతనికి తెలిసిన కడగడమల్లా డీజిల్ గుడ్డతో ఒక తుడుపు. కొత్తకారును మిట్టమధ్యాహ్నం ఎండలో, అంట్లు తోమే సబ్బుతో కడిగి, ఒళ్ళంతా తెల్లటి నీటిమచ్చలు తెప్పించాడు. తనే వెళ్ళి, "అమ్మగారూ, నేనే పాడుచేశాను," అని చెప్పుకున్నాడు. ఆవిడ తిట్టలేదు. "తెలిసినవాణ్ణి అడుగుదాం పద," అంది.

మస్తాన్ మచ్చలు పోగొట్టి, ఇద్దరినీ ఎదురుగా నిలబెట్టాడు.

"రంగు మీద ఉల్లిపొరంత పూత ఉంటదమ్మా. మెరుపంతా దాందే. అది పోయిందనుకో, మీ కారూ మా వీధి దున్నపోతూ ఒకటే. రెండూ నలుపే. ముందు నీడలో పెట్టి ఒట్టి నీళ్ళు కొట్టు. దుమ్ము దిగాకే చెయ్యి వెయ్యి. ఒక బకెట్లో కారు షాంపూ, ఇంకోదాంట్లో మంచినీళ్ళు. గుడ్డను మంచినీళ్ళలో జాడించాకే మళ్ళీ సబ్బులో ముంచు. పైనుంచి కిందికి, తిన్నగా తుడువు. గుండ్రంగా తిప్పావంటే ఎండలో సాలెగూడులాంటి గీతలు కనపడతయ్. గుడ్డ కిందపడితే ఏం చేస్తావన్నా?"

"దులిపి తుడుస్తా," అన్నాడు ఏసోబు.

"దులిపితే ఇసక పోదు. దాన్ని పక్కన పడేసి ఇంకోటి తీసుకో. అంతా ఆరాక మైనం పుయ్యి. దోసెపెనానికి నూనె రాసినట్టు, పల్చగా. పూరీలు వేయించొద్దు!"

భ్రమరాంబగారు నవ్వింది. నన్నూ, ఇంకో రెండు గుడ్డల్నీ కొంది. బిల్లు మీద రాయడానికి మస్తాన్ కారు ఓనర్ పేరు అడిగాడు. ఆవిడ ఏసోబు వైపు తిరిగింది. "నువ్వు చెప్పు."

ముప్ఫై ఏళ్ళ కాపురంలో ఆవిడ భర్త పేరు పలకలేదు. ఆ పేరే ఉన్న స్వామి గుడిని కూడా 'పెద్దగుడి' అనేది.

"మరి పోలీసులడిగితే ఏం చేస్తావమ్మా?" అన్నాడు మస్తాన్.

"వాళ్ళడిగినా చెప్పను. ఆయుష్షు తగ్గుతుందంటారు బాబూ."

దసరాకు ఆయుధపూజ చేయించారు. పంతులుగారు బానెట్ మీద పసుపు ముద్దతో స్వస్తిక్ గీసి, కుంకుమ అద్ది, కార్తీక పౌర్ణమి దాకా చెరపొద్దన్నారు. ఏసోబు రోజూ నన్ను ఆ గుర్తు చుట్టూ, ముగ్గు తొక్కకుండా నడిచినట్టు, పక్కపక్కగా తిప్పేవాడు. అతని దేవుడు వేరు. ఆ జాగ్రత్తకు దేవుడితో పనిలేదు.

ఎండకు పసుపు బీటలు వారింది. నిన్న తోడల్లుడి ఫోన్ వచ్చింది, భోజనానికొస్తున్నానని. అంతే, రంగనాయకులు గారి కంటికి బొట్టు మరకైపోయింది.

ఈ ఉదయం ఏసోబు ఇంకా రాలేదు. భ్రమరాంబగారు పూజగదిలో ఉంది. ఆయన వంటింట్లోంచి పిల్లిలా బయటికొచ్చారు. చేతిలో పులిహోరకు నానబెట్టిన చింతపండు గిన్నె. అందులో పెరట్లో బిందెలు తోమే ఇటుకపొడి కలిపారు. ఇత్తడి అమ్మి మేడ కట్టిన మనిషి కదా. బిందె మెరిసే మందుకు కారు మెరవదా అనుకున్నారు. బిందెను తోమినట్టే తోమారు, గుండ్రంగా, బలంకొద్దీ.

పసుపు పోయింది. ఉల్లిపొరా పోయింది. ఆ ఎర్రటి బురద తుడవడానికి నన్ను తీగ మీంచి లాగారు. ఇటుక రేణువులన్నీ నా నూగులో దిగబడ్డాయి. తుడిచినకొద్దీ కొత్త గీతలు పడ్డాయి. చచ్చిన మెరుపు చూసి ఆయన ముఖం కూడా అదే రంగుకు వచ్చింది. భార్యను పిలుస్తారనుకున్నాను. అటూ ఇటూ చూసి, నన్ను ఏసోబు బకెట్లో పడేసి లోపలికి పోయారు.

అదీ సంగతి. అవతల ఫోన్ ఎత్తారు.

"చెప్పండి గురునాథంగారూ," స్పీకర్లో హెడ్డు గొంతు. కొత్తకారు పాడుచేసి, దేవుడి బొట్టు చెరిపారని గురునాథం మొదలుపెట్టాడు.

అప్పుడే భ్రమరాంబగారు వాకిట్లోకి వచ్చింది. చేతిలో ఖాళీ గిన్నె.

"ఏమండీ, నేను నానబెట్టిన చింతపండు గిన్నె పెరట్లో బిందెల దగ్గర దొరికింది..."

బానెట్ చూసింది. గీతలు ఎటు తిరిగాయో చూసింది. మస్తాన్ పాఠం ఆవిడా విన్నది కదా. భర్త చేతిలోంచి నన్ను లాక్కుని వాసన చూసింది. వేళ్ళ మధ్య నలిపింది. గరగరమన్నాను. నా చేతనైన మాట అదొక్కటే.

"కుంకుమ పుల్లగా ఉండదండీ. ఇది ఇటుకపొడి."

"అయితే చింతపండు కూడా వీడే దొంగిలించాడన్నమాట!"

"వీడా? మొన్న ఈ అబ్బాయి మంచినీళ్ళడిగితే పెరటి కుళాయి చూపించింది మీరు. వంటింటి గడప తొక్కితే కాళ్ళు విరగ్గొడతానన్నదీ మీరే. తొక్కలేదు. ఇంట్లో ఉన్నది మనిద్దరమే."

రెండు నెలలుగా ఏసోబును బయట నిలబెట్టిన గడపే ఇవాళ అతని తరఫున సాక్ష్యం చెప్పింది. అతను తలెత్తలేదు. నేలకేసి చూస్తున్నాడు.

"పోనీలే వదినా, ఇంటి విషయం..." గురునాథం నసిగాడు.

రంగనాయకులు గారు తోడల్లుడి చెవి దగ్గరికి వంగారు. "పరువు పోతుంది. ఫోన్ ఎలాగూ కలిపావు, వీడి పేరే చెప్పెయ్. తర్వాత వీడికేదో సర్దుదాం."

ఆ మాట నాకు వినపడిందంటే ఆవిడకూ వినపడింది. నేను ఆవిడ పిడికిట్లోనే ఉన్నాను. నీరంతా కారిపోయేలా పిండేసింది. ఇటుకపొడి పట్టిన గుడ్డ ఇక ఏ కారుకూ పనికిరాదు. రేపటికి నా చోటు చెత్తబండిలో. ఫరవాలేదు, ఇది వినే పోతాను.

ఆవిడ రెండో చెయ్యి చాచింది. గురునాథం ఫోన్ ఇచ్చాడు.

"హలో? ఎవరమ్మా? కారు పాడుచేసి, బొట్టు చెరిపిందెవరు? పేరు చెప్పండి," అన్నాడు హెడ్డు.

ఆవిడ ఏసోబు వైపు తిరిగింది. అలవాటుగా పెదవులు కదిలాయి. కానీ 'నువ్వు చెప్పు' అనలేదు. భర్త వైపు తిరిగింది. ఆయన కళ్ళతోనే వద్దంటున్నారు.

"రాసుకోండి," అంది. "రంగనాయకులు."