పళ్ళు తెల్లబరిచే బటన్

"ఈ ముసలాయన ఎవరు నాయనా?" అంది పెద్దావిడ బాత్మాకాన్ అపా, ప్రింటు చేతిలోకి తీసుకుని.

"మీ ఆయనే అపా."

ఆమె భర్త సాదిర్‌కుల్ పోయిన వేసవిలో నారిన్ పట్టణంలోని నా ఫొటో స్టూడియోకి వచ్చి, నవ్వుతూ ఫొటో దిగాడు. ఇప్పుడాయన లేడు. సమాధి రాతి మీద పెట్టడానికి ఆ ఫొటోయే కావాలంది.

"ఆయనకి ముందు పళ్ళు నాలుగూ బంగారువి. మా పెళ్ళికని గుర్రాన్ని అమ్మి మరీ కట్టించుకున్నాడు. ఇవేంటి, గొర్రెపిల్ల పళ్ళలాగా?"

కొత్త సాఫ్ట్‌వేర్ కదా అని, నిన్న పళ్ళు తెల్లబరిచే బటన్ నొక్కాను. భలే ఉందనుకుని అసలు ఫొటో మీదే సేవ్ చేసేశాను. ఇక పాతది రాదు. ప్రింటు మీద కుంచెతో పసుపు రంగు అద్ది చూపించాను. పాచి పట్టినట్టుంది.

"వద్దులే నాయనా. పేరొక్కటే చెక్కిస్తాను," అని ఆమె వెళ్ళిపోయింది.

సాయంత్రం ఆ సాఫ్ట్‌వేర్ నా అభిప్రాయం అడిగింది. ‘ఈ దిక్కుమాలిన బటన్ పీకి పారెయ్యండి’ అని రాశాను. నొక్కింది నేనే కదా అని, పంపబోతూ చెరిపేశాను.

ఫొటో దిగిన రోజు కుర్చీలో కూర్చుంటూ సాదిర్‌కుల్ నన్ను కోరింది ఒక్కటే.

"అబ్బాయ్, నా పళ్ళు బాగా కనబడాలి!"